కామెడీ అనిమే సినిమాగా వస్తే ఏడుపు ఎందుకు మొదలవుద్ది? షిన్‌చాన్, గింటామా, కోనోసుబా ఫ్యాన్స్ రండి

కాఫీ_జెల్లీ:

అందరికీ నమస్తే. ఈ అనిమే (జపాన్ యానిమేషన్) ఫోరంలో ఏ థ్రెడ్ తెరిచినా ఎవడు ఎవడ్ని కొడతాడు, ఏ స్టూడియో ఫైట్ బాగా తీసింది, ఇదే గోల. కామెడీ అనిమే మాటెత్తితే మాత్రం "ఆ, టైంపాస్" అని ఒక్క ముక్క పడేసి వెళ్ళిపోతారు. నాకు అదే మంట. ఫైట్ కొంచెం అటూ ఇటూ అయినా చూసేస్తాం, కామెడీ సీన్ అర సెకను తేడా కొడితే అక్కడే చచ్చిపోతుంది, అంత నాజూకు పని అది.

ఉదాహరణకి 2012లో సన్‌రైజ్ తీసిన 'డైలీ లైవ్స్ ఆఫ్ హైస్కూల్ బాయ్స్'లో ఏటిగట్టు సీన్ తీసుకోండి. సాయంత్రం పూట హిడెనోరి అనే కుర్రాడు ఒక్కడే గట్టు మీద కూర్చుని ఉంటాడు, ఎవరో తెలియని అమ్మాయి వచ్చి వెనకాల కూర్చుంటుంది, ఒక్క మాట ఉండదు, గాలి వీస్తుంటుంది గడ్డి ఊగుతుంటుంది అంతే. వీడు లోపల్లోపల తెగ నలిగిపోతుంటాడు, ఈ పిల్ల ఏదో నవల్లో సీన్ ఊహించుకుని వచ్చింది ఇప్పుడు నేనొక గొప్ప మాట అనాలి అని. చివరికి గాలి గురించి కవిత్వంలాంటి ముక్క ఒకటి వదుల్తాడు, ఆ పిల్ల మురిసిపోతుంది, ఇద్దరికీ సిగ్గుతో ప్రాణం పోతుంటుంది, సరిగ్గా అప్పుడు ఫ్రెండ్ పరిగెత్తుకుంటూ వచ్చి అక్కడ షాపులో ఫ్రైస్ సగం రేటంట అంటాడు. ఇది నేను ఇలా చెప్తే ఏముంది? అక్కడ నవ్వంతా ఆ నిశ్శబ్దం ఎంతసేపు లాగారన్న దాంట్లో ఉంది. డైరెక్టర్ షింజి తకమత్సు. గింటామా అనే సమురాయ్ కామెడీ సీరీస్ మొదట్లో చేసింది ఈయనే, 2018లో గ్రాండ్ బ్లూ కూడా ఈయనే. ఈ మూడూ వరసగా చూడండి, ఒకే చెయ్యి అని ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. ఇరవై నిమిషాల్లో ఇంత బాగా నవ్వించేవాళ్ళు సినిమా తీసేసరికి ఏడిపించడానికి దిగుతారు. గంటన్నర స్కిట్లతో నెట్టుకురావడం కష్టం, అందుకని కథ కావాలి, కథ కావాలంటే విలన్ కావాలి, విలన్ వచ్చాక ఎవరో ఒకరు పోవాలి లేదా పోబోవాలి. ఇలా వెళ్ళి వెళ్ళి ఆఖరి అరగంటలో జోకులన్నీ మూటగట్టి పక్కన పెట్టేస్తారు. గింటామా సినిమాలు కూడా అంతే. నాకు నచ్చనిది ఆ మూటగట్టడమే.

అలా చెయ్యకుండా ఏడిపించిన సినిమా ఒకటుంది, 2001లో వచ్చిన షిన్‌చాన్ సినిమా, కేయిచి హారా తీసింది, అడల్ట్ ఎంపైర్ అంటారు. స్పాయిలర్ చెప్తున్నా, చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఊళ్ళో పెద్దవాళ్ళంతా 20వ శతాబ్దం ఎక్స్‌పో అనే పార్కుకి ఎగబడతారు, వాళ్ళ చిన్నప్పటి టీవీ షోలు, పాత వీధులు, 1970 ఒసాకా ఎక్స్‌పో, అన్నీ చూసుకుని మైమరచి పిల్లల్ని గాలికొదిలేస్తారు. పాతకాలపు వాసన పెట్టి వాళ్ళని పట్టేస్తారన్నమాట. అప్పుడు షిన్‌చాన్ ఏం చేస్తాడంటే, మన టీవీలో హ్యారీ అని పిలిచే వాళ్ళ నాన్న హిరోషికి ఆయన బూటే ముక్కు దగ్గర పెడతాడు. టీవీ సీరియల్ మొత్తం ఆయన కాళ్ళ కంపు మీద ఎన్ని జోకులో మీకు తెలుసు. ఆ కంపు తగలగానే ఆయన బతుకంతా కళ్ళముందు తిరుగుద్ది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ వెనకాల కూర్చోవడం, ఊరొదిలి టోక్యో రావడం, ఉద్యోగం, పెళ్ళి, పిల్లాడు పుట్టడం, చెమటలు కక్కుకుంటూ తిరగడం, ఇంటికొచ్చేసరికి వీళ్ళు ఎదురు రావడం. మాటల్లేవు, మ్యూజిక్ ఒక్కటే. ఇన్నేళ్ళూ మనం నవ్విన కంపు ఆయన నడిచిన దూరమే కదా. జోకుని పక్కన పెట్టలేదు వాళ్ళు, ఆ జోకుతోనే కొట్టారు. కామెడీ నుంచి సినిమా తీసేవాళ్ళు ఎవరైనా ముందు ఆ సీన్ చూడాలి అంటాను నేను.

మీరేమంటారు?

మోడరేటర్:

మంచి టాపిక్. ఒక్క మాట, స్పాయిలర్ ఉంటే పైన చెప్పండి, పైరసీ లింకులు పెడితే పోస్ట్ లేపేస్తాం.

ఓరుగల్లు_ఒటాకు:

అన్నా మస్తు రాశినవ్. మాది హన్మకొండ, హంగామా టీవీల షిన్‌చాన్ తెలుగుల వస్తుంటే స్కూల్ నుంచి రాంగనే బ్యాగు గూడ దించకుండ టీవీ ముంగట కూసుందుము నేను మా చెల్లె. మా అమ్మకైతే వాడంటే అస్సలు పడకపోతుండె, వాన్ని చూసి మేము గట్లనే మాట్లాడుతున్నమని. గని బూటు సీన్ నేను పెద్దగైనంక చూశిన, నౌకరి చేయవట్టినంక. చిన్నప్పుడు చూశుంటె బూటు చూసి నవ్వి ఊకుందును.

గని అన్నా నీతోని ఒక్కకాడ కొట్లాట ఉన్నది. గింటామా సినిమాలని గా మూటగట్టే లెక్కల ఎందుకు కలుపుతున్నవ్? 2013ల వచ్చిన సినిమా చూడు, కథ గింటామా మాంగా, అంటె జపాన్ బొమ్మల కథ, గీసిన సొరాచి ఆయనే రాశిండు. జపాన్ థియేటర్లల్ల సినిమాకి ముందు పైరసీ చెయ్యొద్దని కెమెరా తలకాయ మనిషి ఒకడు డాన్స్ చేసే యాడ్ వేస్తరు, మనకాడ పొగాకు యాడ్ వేసినట్టు. సినిమాల గా కెమెరా తలకాయోడే వచ్చి హీరో గింటోకిని అయిదేండ్లు ముందుకు పంపుతడు! గంత పెద్ద ఏడుపు కథకి దర్వాజ ఆ యాడే అన్నా. లోపలికి పోయినంక ఎడో పట్నం పాడువడి ఉంటది, ఆయన జతగాళ్ళు షింపాచి కగురా ఒకలంటె ఒకలకు పడకుండ అయిపోతరు, గుండె పిండినట్టు అయితది, నిజమే. గని గప్పటికే 265 ఎపిసోడ్లు వాళ్ళతోని తిరిగినం. గంత నవ్వినం కాబట్టే వాళ్ళు విడిపోతె మనకు తట్టుకోరాదు. సీరియస్ కథల ఎవ్వడన్న సస్తె సచ్చిండు అనుకుంటం, మనల్ని నవ్విచ్చినోడు సస్తె మనింట్ల మనిషి పోయినట్టుంటది. కామెడీ చేసినోళ్ళకే ఏడిపిచ్చే హక్కు ఉన్నదని నేనంట.

ఇంకోటి, గింటామా ఎందుకు పండుతదో మనోళ్ళకు జల్ది అర్థమైతది. ఒకడు అడ్డదిడ్డం మాట్లాడుడు, ఇంకోడు వాన్ని అందుకొని తిట్టుడు. జపాన్ల మాంజాయ్ జోడీలు చేసేది గదే. మన కోట శ్రీనివాసరావు బాబూమోహన్ జోడీని చూసి పెరిగినోనికి గింటోకి షింపాచి కొత్తగ అనిపియ్యరు.

ఎడిట్_టేబుల్:

నేను ఎడిటింగ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు ఈ థ్రెడ్ చూసి ప్రాణం లేచొచ్చింది. కాఫీజెల్లీ గారు టైమింగ్ అన్నారు, దానికి ఇంకో రెండు ముక్కలు కలుపుతాను.

నిశ్శబ్దం లాగడం ఒక రకం, అసలు ఊపిరి పీల్చుకోనివ్వకపోవడం ఇంకో రకం. మానసిక శక్తులున్న కుర్రాడి కామెడీ సైకీ కే చూడండి, సైకీ తనలో తను మాట్లాడుకునే మాటలు ఎంత స్పీడుగా పోతాయో, సబ్‌టైటిల్ చదివేలోపు రెండు జోకులు దాటిపోతాయి. దానికి కారణం ఉంది. 2016లో అది జపాన్ టీవీలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నపూట అయిదేసి నిమిషాల ముక్కలుగా వచ్చేది, తర్వాత వాటిని కలిపి అరగంట ఎపిసోడ్‌గా వేసేవాళ్ళు. అయిదు నిమిషాల్లో ఒక కథ మొదలై అయిపోవాలంటే ఆ స్పీడ్ తప్పదు, ఆ ఇబ్బందినే వాళ్ళు స్టైల్ చేసుకున్నారు. సైకీ గొంతు హిరోషి కమియాది, అంత స్పీడులో కూడా ఒక్క చోట కూడా గొంతు పెంచడు, విసుగు ఒక్కటే వినపడుతుంది. నాకైతే యాక్షన్ హీరోల అరుపుల కంటే అది కష్టం అనిపిస్తుంది.

ఇక నిచిజో సీరీస్. 2011, క్యోటో యానిమేషన్ స్టూడియో, 26 ఎపిసోడ్లు. ప్రిన్సిపాల్ గారు స్కూలు ఆవరణలో జింకతో కుస్తీ పట్టే సీన్ అందరూ చూసే ఉంటారు. అక్కడ జోకు ఏంటంటే జోకులాగా గియ్యకపోవడం. ఆయన జింకని ఎత్తి వెనక్కి పడేసేటప్పుడు బరువు ఎటు పోతోంది, కాళ్ళు ఎక్కడ ఆనుతున్నాయి, అన్నీ నిజం కుస్తీ సినిమాకి చేసినంత శ్రద్ధగా చేశారు. పిచ్చి పనికి అంత ప్రాణం పెట్టడం వల్లే పొట్ట చెక్కలవుద్ది. అప్పట్లో డిస్కులు సరిగ్గా అమ్ముడుపోలేదు కూడా, 2012లో జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్ళు 12 ఎపిసోడ్లుగా కుదించి పిల్లల కోసం వేశారు. దాని క్యారెక్టర్ డిజైన్ చేసిన ఫుతోషి నిషియా గారు 2019 జూలైలో స్టూడియో తగలబడినప్పుడు చనిపోయిన 36 మందిలో ఒకరు. కోబయాషి డ్రాగన్ మెయిడ్ తీసిన యసుహిరో తకెమొతో గారు కూడా. నవ్వించే పనిని అంత గౌరవంగా చేసిన మనుషులు వాళ్ళు. ఎవరైనా కామెడీని టైంపాస్ అంటే నాకు వాళ్ళే గుర్తొస్తారు, కోపం ఆగదు.

సినిమాల సంగతి, కాఫీజెల్లీ గారూ, మీ లెక్కకి అడ్డం తిరిగే సినిమా ఒకటుంది కదండీ. 2019 కోనోసుబా సినిమా. ఏడుపు లేదు, నీతి లేదు, గంటన్నర ఆపకుండా నవ్వులే. అందులో మంత్రగత్తె పిల్ల మెగుమిన్ వాళ్ళ ఊళ్ళో అందరూ ఆమెలాగే, పేరు అడిగితే చాలు గాలిలో దుప్పటి ఎగరేసి పోజు పెట్టి పరిచయం చేసుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు. ఒకే జోకుని ఊరంతా చేయిస్తే మొదటిసారి నవ్వొస్తుంది, మూడోసారి విసుగొస్తుంది, ఇంకా ఆపకపోతే మళ్ళీ నవ్వొస్తుంది, ఆ హద్దు ఎక్కడో వాళ్ళకి కరెక్టుగా తెలుసు.

సీమ_సమురాయ్:

కోనోసుబా గురించి రాసినందుకు ఎడిట్ అక్కకు దండాలు. టీవీ సీరీస్ బొమ్మలు బాలేవని ఏడ్చేవాళ్ళు శానామంది ఉండారు, మొహాలు వంకరపోతాయి, కాళ్ళు చేతులు యాడికో పోతాయి అని. అబ్బా, ఆ పాత్రలే అట్లాంటోళ్ళు కదప్పా! హీరో కజుమా ఎట్ల సస్తాడో చూసినారు కదా, లారీ కింద పడబోయే పిల్లని కాపాడినా అనుకుంటాడు, తీరా అది నిదానంగా పోయే ట్రాక్టర్, వీడు బెదురుకుని సచ్చినాడు అంతే. ఈ కథకి నున్నగా తీర్చిదిద్దిన బొమ్మలు ఏం చేసుకోవాల? దేవత అక్వా ఏడిసేటప్పుడు ఆ మొహం కరిగిపోయినట్ల గీసినాడు చూడు, దానికే నేను పడిపోయినా.

నేను మాట్లాడాలనుకునేది లైవ్ యాక్షన్ గురించి, అంటే అనిమేను నిజం మనుషులతో తీసే సినిమాలు. నాకు అవి పడవు, మొత్తంగా పడవు. మనిషి మొహంతో అనిమే మొహం పెట్టాలంటే కండ్లు పెద్దవి చేయాల, గొంతు చించుకోవాల, అది నటన కాదు అనుకరణ. 2017లో యూయిచి ఫుకుదా గింటామా తీసినాడు, సైకీ కేను కూడా అదే ఏడాది ఆయనే తీసినాడు. రెండూ చూసినా. గింటామాలో షున్ ఒగురి బాగనే చేసినాడు, కాదనను, కానీ సైకీ సినిమాలో ఎవరు జోకు చెప్పినా తర్వాత కొంచెంసేపు ఆగుతారు, మనం నవ్వుతాం అని. అనిమేలో సైకీ మనకోసం ఆగడే! ఆగకుండా పోవడమే కదా దాని మజా.

ఒసాకా_తెలుగోడు:

సీమ అన్నా కొంచెం ఒప్పుకుంటా కొంచెం ఒప్పుకోను. గింటామా లైవ్ యాక్షన్ 2017లో ఇక్కడ జపాన్ లైవ్ యాక్షన్ సినిమాల్లో కలెక్షన్లలో టాప్. జనం ఊరికే రాలేదు. గింటామా అనేదే మిగతా అందరినీ వెక్కిరించే కథ కాబట్టి, చవకగా కనపడే విగ్గు, సెట్టు కూడా జోకులో భాగం అయిపోయాయి. అదే పని సైకీకి పనికిరాలేదు, అక్కడ మాత్రం మీరన్నది నిజం. ఇంకో విషయం, షింపాచిగా చేసిన మసాకి సుదా 2013లోనే 'డైలీ లైవ్స్' లైవ్ యాక్షన్‌లో కూడా ఉన్నాడు. ఆ సినిమా నాకు చప్పగా అనిపించింది, అదే కారణం, ఏటిగట్టు మీద నిజం మనుషులు కూర్చుంటే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలాగే ఉంటుంది. బొమ్మల్లో కదలిక లేకపోవడం అనేది ఒకళ్ళు కావాలని తీసుకున్న నిర్ణయం, అందుకే అది నవ్వు పుట్టిస్తుంది.

గింటామా ద ఫైనల్ సంగతి కూడా చెప్పాలి. 2021 జనవరి 8న రిలీజ్. అప్పటికి నెలల తరబడి డీమన్ స్లేయర్ ముగెన్ ట్రెయిన్ అనే యాక్షన్ అనిమే సినిమా నంబర్ వన్‌లో కూర్చుని ఉంది. ఇక్కడ సినిమాకి మొదటి వారం వచ్చినవాళ్ళకి ఏదో ఒక చిన్న బహుమతి ఇవ్వడం అలవాటు. గింటామా వాళ్ళు ఏం ఇచ్చారో తెలుసా, సొరాచి గీసిన డీమన్ స్లేయర్ పాత్రల కార్డులు! ఎదుటి సినిమా బొమ్మలు పంచిపెట్టి ఆ వారం ఆ సినిమానే కిందకి దించారు. సినిమా మొదలవడం కూడా డ్రాగన్ బాల్‌ని వెక్కిరిస్తూనే మొదలవుద్ది. కాఫీజెల్లీ బ్రో, ఇంత చేసినవాళ్ళు ఆఖరి అరగంటలో జోకులు మూటగట్టారంటే నేను ఒప్పుకోలేను. అయిపోయింది అయిపోయింది అని ఎన్నిసార్లు చెప్పి మళ్ళీ వచ్చారో లెక్కేసుకోండి, 2013 సినిమాకి కూడా చివరిది అనే పేరు పెట్టారు, 2015లో మళ్ళీ టీవీలో దిగారు. మాంగా కూడా 2018లో జంప్ పత్రికలో అయిపోతుందని చెప్పి అవ్వక, వేరే పత్రికకి పోయి, అక్కడా అవ్వక, 2019లో యాప్‌లో ముగిసింది. వీడ్కోలు చెప్పడాన్నే జోకు చేసినవాళ్ళు నిజంగా వీడ్కోలు చెప్పేసరికి హాల్లో నా పక్కన కూర్చున్నాయన లైట్లు వేసేదాకా కదల్లేదు.

కాఫీ_జెల్లీ:

ఓరుగల్లు తమ్ముడూ, ఒసాకా బ్రో, కెమెరా తలకాయోడి పాయింటు, కార్డుల పాయింటు రెండూ గట్టివే. అయినా నా మాట మీద నేనున్నా. గింటామా సినిమాల్లో మొదటి అరగంట నాకు ప్రాణం, ఆఖర్లో కత్తులు తీశాక అది మంచి యాక్షన్ సినిమా అవుతుంది, మంచి యాక్షన్ సినిమాలు జపాన్‌లో బోలెడు ఉన్నాయి, గింటామా ఒక్కటే ఉంది. నాకు కావాల్సింది గింటామా. అందుకే 2010 బెనిజాకురా సినిమా కంటే, అసలు ఇల్లు దాటకుండా ముగ్గురూ కూర్చుని వాదించుకునే ఎపిసోడ్లే నేను మళ్ళీ మళ్ళీ చూస్తా.

పాత_క్యాసెట్:

మీరంతా కుర్రాళ్ళు, అందరూ 2000 తర్వాత వాటి గురించే మాట్లాడుతున్నారు, ఒక్కసారి 1984కి రండమ్మా. ఉరుసెయ్ యత్సురా రెండో సినిమా, బ్యూటిఫుల్ డ్రీమర్. రుమికో తకహాషి మాంగా, మామోరు ఒషీ డైరెక్షన్, తర్వాత ఘోస్ట్ ఇన్ ద షెల్ తీసిన ఆయనే. రేపు స్కూల్ ఫెస్టివల్ అని పిల్లలంతా రాత్రంతా పనిచేస్తుంటారు, క్లాసురూములో ఏకంగా యుద్ధ ట్యాంకు కూడా పెట్టుకుంటారు, కానీ ఆ రేపు రాదు, మళ్ళీ అదే రోజు. ఆలోచించండి, టీవీ కామెడీలో పాత్రలకి వయసు రాదు, ఎన్నేళ్ళు నడిచినా అదే క్లాసు, అదే గొడవ. మనం సరదాగా తీసుకునే ఆ సంగతినే పట్టుకుని, నిజంగా అలా జరిగితే ఎంత భయంగా ఉంటుందో చూపించాడు. కాఫీజెల్లీ బాబు ఏడుపు లేదా నవ్వు అని రెండే దారులు చూస్తున్నాడు. మూడోది ఉంది, అది ఆ సినిమా. నవ్వుతూ నవ్వుతూ ఉండగా వెన్నులో చలి పుడుతుంది.

ఎడిట్_టేబుల్:

పాత_క్యాసెట్ గారూ, కాళ్ళకి దండం. నేను చెప్దామనుకున్న సినిమా కూడా మీ దారిలోదే, కాకపోతే సీరీస్ లేకుండా నేరుగా సినిమాగా వచ్చింది. సతోషి కోన్ 2003లో తీసిన టోక్యో గాడ్‌ఫాదర్స్. క్రిస్మస్ రాత్రి ముగ్గురు ఇల్లూవాకిలీ లేనివాళ్ళకి చెత్తలో పసిబిడ్డ దొరుకుతుంది, వాళ్ళలో గిన్ తాగుబోతు, హనా ట్రాన్స్ మహిళ, మియుకి ఇంట్లోంచి పారిపోయిన పిల్ల. మొదట్లో టెక్నీషియన్ల పేర్లన్నీ ఊళ్ళో షాపుల బోర్డుల మీద, వీధుల్లో కనపడతాయి, వెతుక్కుంటూ చదవడమే ఒక సరదా. కథంతా కాకతాళీయాల మీద నడుస్తుంది, సీరియస్ సినిమాలో ఇన్ని కలిసొస్తే ఇదేంటి కథ అంటాం, కామెడీ కాబట్టి ఒక్కొక్కటి కలిసొచ్చినప్పుడల్లా నవ్వుతాం, నవ్వుతూనే ఆ ముగ్గురికీ మంచి జరగాలని కోరుకుంటాం. హనా మొహం ఒక్క సీన్లోనే పది రకాలుగా సాగుతుంది, వెనకాల టోక్యో సందులు మాత్రం ఫొటో తీసినంత నిజంగా ఉంటాయి. ఆ రెండూ ఒకే ఫ్రేములో అతుక్కుని కూర్చోవడం, సీమ తమ్ముడూ, లైవ్ యాక్షన్‌లో కుదరనిది ఇదే.

కగుయా సామా అనే ప్రేమ కామెడీ సీరీస్ చూసేవాళ్ళకి ఇంకో మాట. దాన్ని డైరెక్ట్ చేసిన షినిచి ఒమతా అంతకుముందు మామోరు హతకెయామా పేరుతో షోవా గెన్‌రోకు రకుగో షింజూ తీశారు. రకుగో అంటే ఒక్కడే కూర్చుని, పాత్రలన్నీ తనే అయి, కథ చెప్పి నవ్వించే పాత కళ. అది తీసిన చేత్తో కగుయా తీస్తే, అందులో వెనకాల వినపడే కామెంటరీ గొంతుకి అంత పని ఎందుకు ఇచ్చారో నాకు చక్కగా అర్థమైంది. 2022 సినిమాలో కూడా ముద్దు తర్వాత ఏం జరిగింది అన్న సీరియస్ సంగతిని కామెడీ నుంచి తప్పించకుండానే చెప్పుకొచ్చారు.

సీమ_సమురాయ్:

అక్కా మీరు చెప్పినాక టోక్యో గాడ్‌ఫాదర్స్ ఇప్పుడే లిస్టులో వేసుకున్నా. థియేటర్ సంగతి ఒకటి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ తెలుగులో వస్తే మా ఊర్లో టికెట్ల కోసం కొట్టుకున్నారు. అదే నెలలో షిన్‌చాన్ సినిమా కూడా వచ్చినాది, షిన్‌చాన్ వాళ్ళ ఊరు కసుకబే పిల్లోళ్ళు ఇండియాకి వచ్చి డాన్స్ కట్టే కథ, దానికీ తెలుగు డబ్బింగ్ ఉండాది, హాల్లో మేము కొందరమే. ఫ్యాన్స్ అని చెప్పుకునేవాళ్ళు కామెడీకి కూడా టికెట్ కొనాలప్పా, లేకుంటే రేపు తెలుగులో తేవడం మానేస్తారు.

ఓరుగల్లు_ఒటాకు:

సీమ అన్నా నేను పోయిన, మా చెల్లెను దాని బిడ్డను గూడ తీస్కపోయిన. గా పిల్లకు ఆరేండ్లు, షిన్‌చాన్ దోస్తు బో పాట పాడుకుంట కుర్చీల ఎగురుతనే ఉండె. డబ్బింగ్ ఇంటుంటె హంగామా రోజులు యాదికొచ్చినయ్. అక్కా, గా టోక్యో గాడ్‌ఫాదర్స్ పిల్లతోని కలిసి చూడొచ్చా? శనివారం వాళ్ళు మా ఇంటికొస్తరు.

ఎడిట్_టేబుల్:

వద్దు తమ్ముడూ, ఆరేళ్ళ పిల్లకి వద్దు. తాగుడు, తుపాకీ కాల్పులు, ఒకావిడ మేడ మీంచి దూకబోవడం, ఇవన్నీ ఉన్నాయి. పిల్ల పడుకున్నాక మీరు పెద్దవాళ్ళు చూడండి. పిల్లతో అయితే జిబ్లీ స్టూడియో వాళ్ళ 'మై నైబర్స్ ది యమదాస్' పెట్టు, 1999, ఇసావో తకహతా. నీటిరంగులతో గీసినట్టు ఉంటుంది, చిన్న చిన్న ముక్కలు, కథ పట్టుకోనక్కర్లేదు, మధ్యలో లేచి వెళ్ళినా ఏం పోదు. చిన్నపిల్ల నొనొకోని బజార్లో మర్చిపోయి ఇంట్లోవాళ్ళంతా కార్లో వెళ్ళిపోయే ముక్క ఉంది మొదట్లోనే, మీ చెల్లెలు దానికే పడి పడి నవ్వుతుంది చూడు.

ఓరుగల్లు_ఒటాకు:

సరే అక్కా, శనివారం గదే పెడత. మా అమ్మను గూడ కూసోపెడత, షిన్‌చాన్ మీద కోపం ఇంక పోలే ఆమెకు.